మిట్ట మీద టైమింగ్

మా నాయన కారు జబ్బును నాలుకతో కనిపెట్టేవాడు. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. నవ్వనివ్వండి. పాత పెట్రోలు కార్లలో, ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు పక్కన అరచేతిలో పట్టేంత గుండ్రటి రేకు డబ్బా ఒకటి ఉంటుంది. దాని నుంచి సన్నటి గొట్టం కార్బొరేటరు దాకా పోతుంది. నాయన ఆ గొట్టాన్ని కార్బొరేటరు వైపు ఊడబెరికి, కొస నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చి, నాలుకతో మూసేవాడు. నాలుక కాసేపు అంటుకునే ఉంటే డబ్బా లోపలి పొర బాగున్నట్టు. జారిపోతే పొర చినిగినట్టు. తర్వాత నాలుకను చొక్కా చేతికి తుడుచుకుని "బాగుండాది" అనో "పోయింది" అనో అనేవాడు. ఆ నాలుకతోనే మళ్ళీ నేను వండిన కూడుకు వంకలు పెడతావు గదా అని అమ్మ ప్రతిసారీ అనేది.

ఆ డబ్బా పని ఏమిటో చెప్పకపోతే ఇక ముందు చెప్పేదేదీ అర్థం కాదు. ఇంజనులో పిస్టను పైకొసకు చేరే ముందే నిప్పురవ్వ పడాలి. ఎంత ముందు పడాలన్నదే టైమింగ్. మరీ ముందు పడితే పైకి వస్తున్న పిస్టను నెత్తిన మంట కొడుతుంది. అప్పుడు మిట్ట ఎక్కేటప్పుడు తగరపు డబ్బాలో కందిపప్పు పోసి ఆడించినట్టు కిటకిటమని శబ్దం వస్తుంది. మరీ వెనక పడితే బండి లాగదు, ఊరికే కాగిపోతుంది. బండి తేలిగ్గా పోతున్నంతసేపు ఈ రేకు డబ్బా రవ్వను కొంచెం ముందుకు జరుపుతుంది. బరువు పడగానే వెనక్కి తీసుకుంటుంది. డ్రైవరుకు చెప్పదు, అడగదు. మదనపల్లెలో చాలామంది మెకానిక్కులు దీనితో తలనొప్పి ఎందుకని ఆ గొట్టం పీకేసి, కార్బొరేటరు దగ్గర సైకిలు ట్యూబు ముక్క తొడిగి కట్టేసి, టైమింగ్‌ను ఉజ్జాయింపుగా ఒక పక్కకు తిప్పి పంపేసేవాళ్ళు. అలా కట్టేసిన బండి షెడ్డుకు వస్తే నాయన దాన్ని ముట్టుకునే ముందు, కట్టినవాణ్ణి వాడి వంశంతో సహా తిట్టేవాడు.

నాయనది బైరెడ్డిపల్లె దగ్గర మెట్ట పల్లె. వేరుశెనగ వేసే కుటుంబం. వానను నమ్ముకోవడం కంటే ఇంజనును నమ్ముకోవడం మేలని, పెళ్ళయిన కొత్తలోనే అమ్మను తీసుకుని మదనపల్లెకొచ్చి షెడ్డు పెట్టాడు. అప్పట్లో ఆయనకు తోడు అమ్మ ఒక్కతే. టైమింగ్ పెట్టేటప్పుడు ఒకరు డ్రైవరు సీట్లో కూర్చుని యాక్సిలరేటరు తొక్కాలి, ఒకరు బానెట్టు కింద వంగి డిస్ట్రిబ్యూటరును పట్టుకుని తిప్పాలి. అమ్మ కుచ్చిళ్ళు ఎగదోపుకుని సీటెక్కేది. నేను పుట్టాక నన్ను కూడా ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. ఇంజను గొంతు ఎక్కడ కుదురుకుంటుందో నాయన కంటే ముందు ఆమెకే తెలిసేది. "సాల్లే" అనేది లోపల్నుంచి. ఆయన విననట్టు ఇంకో వెంట్రుకవాసి తిప్పేవాడు, కాసేపటికి ఆమె చెప్పిన చోటికే తెచ్చి బోల్టు బిగించేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. అయినా ఆమె లేకుండా ఏ బండికీ టైమింగ్ పెట్టింది లేదు, నేను పెద్దదాన్నయ్యి ఆ సీట్లో కూర్చునేదాకా.

పిస్టను పైకొచ్చిన గుర్తు చూసి, చిన్న బల్బుకు తీగ తగిలించి, అది వెలిగే చోట డిస్ట్రిబ్యూటరును ఆపడం మొదటి పని. ఇది ఎవరైనా చేస్తారు. నాయన నమ్మేది ఆ తర్వాతి పనిని. బండిని పుంగనూరు రోడ్డులో ఉన్న మిట్టకు తోలుకుపోయేవాడు. మిట్ట మొదట్లో వేగం తగ్గించి, టాపు గేరులోనే ఉంచి, యాక్సిలరేటరు అడుగంటా తొక్కేవాడు. ఆ బరువుకు ఇంజను ఒక్క క్షణం కిటకిటమని ఊరుకోవాలి. అస్సలు అనకపోతే రవ్వ వెనకపడినట్టు. మిట్ట పొడుగునా అంటూనే ఉంటే ముందుకు పోయినట్టు. అప్పుడు దిగి, బానెట్టు ఎత్తి, ఇంత సవరించి, మళ్ళీ కిందికి పోయి మళ్ళీ ఎక్కేవాడు. "కొంచెం గొణగాల, అరవగూడదు" అనేవాడు. మా ఆయన ఒకసారి బెంగుళూరు నుంచి టైమింగ్ లైటు కొనుక్కొచ్చి ఇచ్చాడు. తిరిగే చక్రం మీద వెలుగు కొట్టి, గుర్తు ఎక్కడుందో కంటికి చూపించే తుపాకీ లాంటి సామాను అది. నాయన దాన్ని రెండు చేతులతో అందుకుని, అల్లుడిచ్చిన పట్టుపంచెను మెచ్చుకున్నట్టు మెచ్చుకుని, గోడ మేకుకు తగిలించాడు. అది అక్కడి నుంచి దిగలేదు.

ఆయన చెవి ఎప్పుడు పోవడం మొదలుపెట్టిందో మాకెవరికీ తెలియదు. చెవుడంటే అందరూ అనుకునే చెవుడు కాదది. మాట వినపడేది, లారీ హారన్ వినపడేది, ఇంజను హోరు వినపడేది. సన్నటి శబ్దాలే పోయాయి. వంటింట్లో కుక్కరు కూతలు వేస్తుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవాడు. జేబులో ఫోను మోగుతుంటే మేం చెప్పాలి. చెబితే, సిగ్నలు లేదని ఫోనును తిట్టేవాడు.

పద్ధతి మాత్రం మార్చుకోలేదు. మిట్ట మీద గొణుగుడు వినపడేదాకా తిప్పాలి కదా, తిప్పేవాడు. ఆయన చెవికి గొణుగుడుగా వినపడేసరికి ఇంజను గొంతు చించుకుని అరుస్తుండేది. వేరే మెకానిక్కుకు చెవి పోయినా పని చెడేది కాదు, వాడు లైటు పెట్టి గుర్తు చూసుకునేవాడు. చెవిని అంతగా నమ్మినవాడు కాబట్టే మా నాయన అలా మోసపోయాడు.

అప్పటికి షెడ్డుకు వచ్చేవే కొద్ది బండ్లు. పెళ్ళిళ్ళకు బాడుగకిచ్చే పాత కార్లు, తాత జ్ఞాపకమని దాచుకున్నవాళ్ళ కార్లు. పలమనేరు వైపు మామిడితోట ఉన్న ఒకాయన కారు మా షెడ్డు నుంచి పోయిన కొన్నాళ్ళకే పిస్టను నెత్తికి బొక్కపడింది. ఆయన పెద్దమనిషి, వచ్చి గొడవపడలేదు. మళ్ళీ రాలేదంతే. ఆ తర్వాత ఇంకొకరు రావడం మానేశారు. ఇప్పటి పెట్రోల్లో ఏదేదో కలుపుతున్నారని, పాత ఇంజన్లు దానికి తట్టుకోవని నాయన వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందని ఎవరో మదనపల్లెలోనే ఉన్న మా ఆయన అంగడి ముందే అన్నారట. ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదు.

అమ్మకు తెలుసని నాకు ఒక సామెత వల్ల తెలిసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్న మాట ఆమె నోట్లో రోజుకొకసారైనా పడేది. ఉప్పు తెమ్మంటే పప్పు తెచ్చే మొగుడున్న ఏ ఆడదైనా అనే మాటే అది. ఉన్నట్టుండి ఆమె ఆ మాట అనడం మానేసింది. ఒకరోజు నాయన మీద విసుగుతో నేనే అనబోయాను. సగంలో నా మోచేయి పట్టుకుని గట్టిగా గిల్లింది. ఆమె మొహం చూశాను. అందులో కోపం లేదు, భయం ఉంది.

ఆమెకు జబ్బు బయటపడేసరికి అది వెన్నెముకలోకి పాకింది. కుప్పంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయి కరెంటు, అంటే రేడియేషను, పెట్టించమని మదనపల్లె డాక్టరు చెప్పాడు. తగ్గుతుందని చెప్పలేదు. నొప్పి తగ్గొచ్చన్నాడు. మదనపల్లె నుంచి పుంగనూరు, పెద్దపంజాణి, పలమనేరు, అక్కడి నుంచి బైరెడ్డిపల్లె వైపుగా కుప్పం. మళ్ళీ అదే దారిన వెనక్కి. మా ఆయన కొత్త కారు, డ్రైవరు మాట్లాడతానన్నాడు. నాయన ఒప్పుకోలేదు. నిజానికి అమ్మ కూడా ఒప్పుకోలేదు. కొత్త కార్ల వెనక సీట్లు మనిషిని గుంతలో కుక్కి కూర్చోబెడతాయి. మా పాత అంబాసిడర్ వెనక సీటు అడ్డంగా పరిచిన మంచం. పరుపు వేసి, దిండ్లు పెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకుంటే ఆమె కాళ్ళు చాపుకుని పోగలిగేది. ఆ ఒక్క సుఖమైనా ఉండనీ అనుకున్నాను.

ప్రతి ప్రయాణానికి ముందురోజు నాయన టైమింగ్ చూసుకునేవాడు. నాలుకతో డబ్బాను, బల్బుతో గుర్తును, మిట్ట మీద గొణుగుడును. అమ్మను పడుకోబెట్టుకుని పోయే బండి కాబట్టి ఎన్నడూ లేనంత శ్రద్ధగా చూసేవాడు. మిట్ట ఎక్కి దిగి, ఎక్కి దిగి, చెమటలు కక్కుతూ ఇంటికొచ్చేవాడు. ఇప్పుడు బాగుండాది, పూలరథం మాదిరి పోతాది అనేవాడు. ఎంత శ్రద్ధ పెడితే అంత చెడేది. ఇది చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాలేదు. ఒకసారి ఆయన నిద్రపోతున్న మధ్యాహ్నం, స్పానరు తీసుకుని డిస్ట్రిబ్యూటరును నేనే కొంచెం వెనక్కి తిప్పి బిగించాను. చిన్నప్పటి నుంచి చూసిన పనే కదా. సాయంత్రం ఆయన బండిని వీధి చివరిదాకా తీసుకుపోయి వచ్చి, ఎవరో ముట్టుకున్నారు, లాగడం లేదు అన్నాడు. చెవి పోయినా ఆయన నడుముకు ఇంకా తెలుస్తూనే ఉంది. మళ్ళీ మిట్టకు పోయాడు, మళ్ళీ మొదటికొచ్చింది.

దారిలో అమ్మ ముందు సీటు మీదుగా చేయి చాపి ఆయన భుజం మీద రెండుసార్లు తట్టేది. "మెల్లగా పోనీ. నొస్తాండాది" అనేది. ఆయన వెంటనే కాలు ఎత్తి, గేరు తగ్గించేవాడు. బండి ఊపిరి పీల్చుకున్నట్టు తేలికపడేది. పుంగనూరు రాకముందే ఒకసారి తట్టేది. బైరెడ్డిపల్లె దగ్గర ఒకటో రెండో సార్లు. మొదట్లో నాకూ అది నొప్పేననిపించింది. తర్వాత ఒక సంగతి గమనించాను. పలమనేరు చేరకముందు ఒకచోట రోడ్డు తవ్వి వదిలేశారు. అక్కడ గుంతల్లో బండి పడి లేస్తుంటే నా నడుమే కదిలిపోయేది. ఆమె నా చేతిని వేళ్ళు తెల్లబడేలా పట్టుకునేది. పెదవి కొరుక్కునేది. అక్కడ మాత్రం ఒక్కసారి కూడా భుజం తట్టలేదు. తట్టేదంతా నున్నటి రోడ్డు మీద, మిట్టలు ఎక్కేటప్పుడే. కిటకిట మొదలైనప్పుడే.

ఆసుపత్రిలో మా వంతు కోసం బల్ల మీద కూర్చున్నప్పుడు అడిగేశాను. నాయన టీ తేవడానికి పోయాడు. నొప్పి అని అబద్ధం చెబుతున్నావా అని అడిగాను. ఆమె నవ్వింది. జబ్బు వచ్చాక ఆమె పళ్ళు పెద్దవైనట్టు కనిపించేవి.

"అబద్ధం యాల అయితాది? నొప్పి ఉండనే ఉండాది. మిట్ట కాడ సెప్తే ఇంజనుకూ మందేసినట్టు అయితాది గదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. వెన్ను పుండై కూర్చోలేని మనిషి, పిస్టన్లు కాపాడుతోంది. నేను గొంతు పెంచాను. ఆయనకు ఈ రోజే చెప్పేస్తాను, చెవికి మిషను పెట్టిద్దాం, ఆ లైటు గోడ మీద నుంచి దించి వాడమందాం, ఎంతమందికి చెవులు పోవడం లేదు అన్నాను. బల్ల మీద వాళ్ళంతా మా వైపు చూశారు. అమ్మ నా మాటలన్నీ అయిపోయేదాకా ఆగింది.

"సెవి పోయిందని తెలిస్తే మీ నాయన షెడ్డుకు తాళమేస్తాడు పాపా. నాకు తెల్సు. నేనెట్లాగూ పోయే దావలో ఉండాను. షెడ్డు గూడా లేకుంటే ఆ మనిషి ఏం సూసుకోని పొద్దున లేస్తాడు? నేనుండంగా వద్దు. నేను పోయినాక నువ్వు సెప్పు. నిదానంగా, కోపం లేకుండా సెప్పు. నీకు కోపమెక్కువ."

నాయన మూడు టీలు పట్టుకుని వచ్చాడు. ఏమంటాండాది మీ అమ్మ అన్నాడు. టీ తాగమంటోంది అన్నాను. ఇద్దరూ కలిసి నా నెత్తిన పెట్టిన బరువది. ఆమె పెట్టానని తెలిసి పెట్టింది, ఆయన తెలియకుండా పెట్టాడు. ఆ రోజు టీ నాకు చేదుగా తగిలింది.

తర్వాత ప్రయాణాల్లో నేను మిట్టల కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను. కిటకిట మొదలవగానే అమ్మ వేళ్ళు నా ఒళ్ళో కదిలేవి. మగతలో ఉన్నా కదిలేవి. కళ్ళు మూసుకునే చేయి చాపేది, అందకపోతే నేను ఆమె మోచేతి కింద నా చేయి పెట్టి ఎత్తేదాన్ని. రెండుసార్లు తట్టేది. మాట పోయాక తట్టడమే మిగిలింది. నాయన వెనక్కి తిరిగేవాడు కాదు. రోడ్డు మీద చూపు పెట్టుకునే గేరు తగ్గించి, "నొప్పిగా ఉండాదామ్మే? ఇంగేముంది, వచ్చేసినాం" అనేవాడు. ఇంకా సగం దారి కూడా అయ్యుండేది కాదు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా ఆమె బొటనవేలితో నా అరచేతిలో రాస్తుండేది. నోరు మెదపొద్దని గుర్తుచేయడమో, ఊరికే రాయడమో నాకు తెలియదు.

రేకు డబ్బా సంగతి మా నాయన ఒకసారి బండి ఇవ్వడానికొచ్చిన డ్రైవరుకు చెబుతుండగా విన్నాను, చాలా ఏళ్ళ కిందట. బరువు పడినప్పుడు ఎంత వెనక్కి తగ్గాలో డ్రైవరుకు తెలియదప్పా, దానికి తెలుసు, అది పనిచేస్తున్నంత కాలం అదొకటి ఉండాదని గూడా నీకు తెలీదు అన్నాడు. కుప్పం దారిలో ఆ మాట గుర్తొచ్చినప్పుడు ఆయన మీద జాలి వేసింది. అమ్మ మీద కోపం వచ్చింది. రెండూ తారుమారై రావాల్సింది కాబోలు.

చివరిసారి తీసుకుపోయినప్పుడు ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. ఒక ఉదయం, నర్సు దుప్పటి మార్చడానికి వచ్చినప్పుడు అమ్మ పోయి ఉంది. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలియలేదు. నాయన కింద బండి దగ్గర ఉన్నాడు, బానెట్టు ఎత్తి ఏదో తుడుచుకుంటున్నాడు. నేను మెట్లు దిగి పోయి చెప్పాను. ఆయన విన్నాడు. ఆ మాట వినపడింది. గుడ్డను మడిచి డిక్కీలో పెట్టి, బానెట్టు మూసి, నా వెంట పైకి వచ్చాడు.

ఆసుపత్రి బయట వ్యాను వాళ్ళు ఉన్నారు, శవాలను ఊళ్ళకు చేర్చేవాళ్ళు. నాయన వద్దన్నాడు. వచ్చిన కారులోనే పోతుంది అన్నాడు. మా కారు అప్పుడప్పుడు పెళ్ళిళ్ళకు బాడుగకు పోయేది. ఇందులో పీనుగను ఎక్కిస్తే ఇంక పెళ్ళికూతురిని ఎవరు ఎక్కనిస్తారప్పా అని ఒక డ్రైవరు మంచికే చెప్పాడు. నాయన వెనక డోరు తీసి పరుపు సర్దాడు. దవడ కింద గుడ్డ కట్టి, కాలి బొటనవేళ్ళు కట్టి, మేమే పడుకోబెట్టాం. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను, ఎప్పటిలాగే. ఆసుపత్రి ముందరి టీ అంగడావిడ దారిలో చల్లమని బొరుగులు పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. ఊరి పొలిమేర వచ్చినప్పుడల్లా కిటికీలోంచి పిడికెడు చల్లుతూ వచ్చాను.

బైరెడ్డిపల్లె వైపు మిట్టల దగ్గర నాయన మెల్లగానే తోలాడు. అలవాటు కొద్దీ కావచ్చు. పలమనేరులో బస్సుల మధ్య ఆగి ఆగి పోయాం. మామిడికాయల లారీ వాడు మా బండిలోకి తొంగిచూసి దారి ఇచ్చాడు. గుంతల్లో బండి ఎగిరిపడింది. నేను అమ్మ తలను రెండు చేతులతో పట్టుకున్నాను. ఆమె పెదవి కొరుక్కోలేదు. అప్పుడు ఏడుపు వచ్చింది నాకు, అంతవరకూ రాలేదు.

పెద్దపంజాణి దాటాక మిట్ట వచ్చింది. నాయన టాపు గేరులోనే ఎక్కించాడు. ఇంటి దగ్గర అందరూ చేరి ఉంటారు, ఎండ ఎక్కుతోంది, ఆయనకు తొందర. యాక్సిలరేటరు అడుగంటా తొక్కాడు. కిటకిట మొదలైంది. సన్నగా మొదలై, పెద్దదై, కాళ్ళ కింద రేకంతా అదిరేలా అయింది. ఇంతకుముందు ఎప్పుడూ అంతసేపు విననిచ్చింది లేదు, అమ్మ తట్టేసేది. ఇప్పుడు ఆపేవాళ్ళు లేరు. నాయన ముందుకు చూస్తూ తోలుతున్నాడు. ఆయన మెడ మీద చెమట కారుతోంది. అంత శబ్దంలో ఆయన ఒక్కడే ప్రశాంతంగా ఉన్నాడు.

నిదానంగా చెప్పమంది అమ్మ. కర్మ అయ్యాక, పదిమందీ పోయాక, ఒక పొద్దున షెడ్డులో కూర్చోబెట్టి చెప్పాలని నేను ఎన్నోసార్లు మనసులో అనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను. అవేవీ అప్పుడు గుర్తు రాలేదు. ఆ శబ్దం భరించలేకపోయాను. చేయి చాపి ఆయన భుజం మీద రెండుసార్లు తట్టాను.

కాలు ఎత్తాడు. గేరు తగ్గించాడు. వెనక్కి తిరగలేదు.

"నొప్పిగా ఉండాదామ్మే?" అన్నాడు.

ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చాక బండి ఇంకొంచెం దూరం పోయింది. తర్వాత మెల్లగా రోడ్డు పక్కకు ఒరిగి ఆగింది. ఇంజను తిరుగుతూనే ఉంది. ఆయన స్టీరింగు పట్టుకున్న చేతులు తీయలేదు. అద్దంలోంచి నన్ను చూశాడు. కోపం లేకుండానే చెప్పాను, అది ఒక్కటే నేను అమ్మ మాట నిలబెట్టింది.

"ఇంజను అరస్తాండాది నాయనా. నీకు వినపడ్డంలే."

తర్వాత అడిగాడు, అమ్మ తట్టేది అందుకేనా అని. నేను తల ఊపాను. అద్దంలో అది ఆయనకు కనిపించింది.

"నొప్పికి గాదా?"

"నొప్పి గుంతల కాడ వచ్చేది. ఆడ తట్టలేదు గదా" అన్నాను.

ఆయన దిగాడు. రోడ్డు పక్కన కాసేపు నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఒక బస్సు పోయింది, ఆ గాలికి ఆయన పంచె ఎగిరింది. కళ్ళు తుడుచుకుని డిక్కీ తీశాడు, స్పానరు పట్టుకుని బానెట్టు ఎత్తాడు. ముందుకు రమ్మని నాకు సైగ చేశాడు. అమ్మ తల కింద మడిచిన తువ్వాలు పెట్టి, నేను డ్రైవరు సీట్లోకి వచ్చాను. ఆయన చెప్పకముందే యాక్సిలరేటరు తొక్కాను. ఎత్తిన బానెట్టుకూ అద్దానికీ మధ్య సందులోంచి ఆయన నా మొహాన్ని చూస్తూ డిస్ట్రిబ్యూటరును తిప్పాడు. ఇంజను వైపు చూడలేదు. "సాలా?" అన్నాడు. నా జన్మలో ఆయన ఎవరినైనా ఆ మాట అడగడం అదే మొదటిసారి. చాలు నాయనా అన్నాను. ఆయన బోల్టు బిగించాక నేను వెనక్కి పోయి అమ్మ తల మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాను.

మిగిలిన మిట్ట ఎక్కుతుంటే అడిగాడు, ఇప్పుడు గొణగతాండాదా అని. లేదన్నాను. కొంచెం కూడానా అన్నాడు. నేను చెవి ఒగ్గి విన్నాను. గాలి, చక్రాల చప్పుడు, అంతే. కొంచెం కూడా లేదన్నాను.

"అట్లయితే మరీ వెనక్కి దించేసినాం" అన్నాడు.

ఆపి సరిచేయలేదు. బండి లాగలేక లాగుతూ పుంగనూరు దాటింది. వెనక లారీలు హారన్లు కొట్టి మమ్మల్ని దాటుకుని పోయాయి. నేను బొరుగులు చల్లడం మరిచిపోయాను, పొట్లం అలాగే ఒళ్ళో ఉండిపోయింది. మదనపల్లెలో మా వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం లేచి నిలబడ్డారు, ఏడుపులు మొదలయ్యాయి. నాయన ఇంజను ఆపాడు. కారు తాళం, షెడ్డు తాళం ఒకే రింగులో ఉండేవి. ఆయన ఆ రింగు తీసి, వెనక్కి తిరిగి, అమ్మ తల పట్టుకున్న నా చేతి పక్కన పెట్టి దిగిపోయాడు.